రేడియేటర్‌కి ఫ్యాన్ ఎటువైపు?



పెదకాకాని దాటి నాగార్జున విశ్వవిద్యాలయం వైపు వెళుతుంటే హైవేకి అటూ ఇటూ కాలేజీలు, హాస్టళ్ళు. ఆ గదుల్లో బల్లల కింద నీళ్ళతో చల్లబడే కంప్యూటర్లు ఇప్పుడు వింతేమీ కాదు. ఆటల కోసం కొన్నవాళ్ళున్నారు, త్రీడీ డిజైన్ నేర్చుకుంటున్నవాళ్ళున్నారు. ఇటు గుంటూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల సంగతి చూడండి. ముహూర్తాలు మొదలైతే అక్కడ రాత్రింబవళ్ళు రెండరింగే. నాలుగు కెమెరాలు తీసినదాన్ని కూర్చి, రంగులు దిద్ది, పెళ్ళివారి చేతికిచ్చేసరికి ప్రాసెసర్ గంటల తరబడి ఊపిరి సలపకుండా పనిచేస్తుంది.

ఇలాంటి కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏదని అడుగుతాం, గ్రాఫిక్స్ కార్డు ఏదని అడుగుతాం, లైట్లు ఏ రంగులో వెలుగుతాయని కూడా అడుగుతాం. రేడియేటర్‌కి ఫ్యాన్లు ఏ వైపు బిగించారని అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఈ రోజు నేను మాట్లాడేది ఆ బిగింపు గురించే. పత్తీ మిర్చీ పండే ఈ నేలలో, ఈ ఎండల్లో, ఆ కంప్యూటర్ నాలుగేళ్ళు నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు దాని మీదే ఉందని నా గట్టి నమ్మకం.

ముందు ఏర్పాటు ఏమిటో చూద్దాం. ప్రాసెసర్ మీద ఒక రాగి పలక కూర్చుంటుంది. దాని లోపల వెంట్రుకవాసి సందులుంటాయి. పంపు ఆ సందుల గుండా ద్రవాన్ని తోస్తుంది. వేడెక్కిన ద్రవం రబ్బరు గొట్టం వెంట రేడియేటర్‌లోకి వెళ్ళి, అక్కడి బల్లపరుపు గొట్టాల్లో తిరిగి, చల్లారి వెనక్కి వస్తుంది. ఆ గొట్టాల మధ్య వంకీలు తిరిగిన పల్చటి లోహపు రేకులుంటాయి. వేడి ఆ రేకుల్లోకి ఎక్కి, అక్కణ్ణుంచి గాలిలో కలవాలి. నీళ్ళు వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తాయి, అంతే. దాన్ని వదిలించేది గాలి. ఆ గాలిని రేకుల మధ్య నుంచి నడిపించేది ఫ్యాన్.

ఎంత గాలి కావాలి? చిన్న లెక్క వేద్దాం. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలిని నిజంగా రేకుల గుండా పంపిందనుకోండి. 100 వాట్ల వేడిని తీసుకుని ఆ గాలి సుమారు 4 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తుంది. రేకులు పూడుకుపోయి గాలి సగానికి తగ్గితే, అదే వేడికి 7, 8 డిగ్రీలు ఎక్కాల్సిందే. లోపలి ద్రవం ఆ గాలి కంటే వేడిగా ఉంటేనే వేడి బయటికి పోతుంది కాబట్టి, ద్రవం కూడా ఆ మేరకు పైకి జరుగుతుంది.

చలిదేశాల్లో దీనికి పెద్దగా కంగారు పడరు. గది 22 డిగ్రీలుంటే, దాని మీద ద్రవం ఇంకో 12 పెరిగినా 34 దగ్గర ఆగుతుంది. మన దగ్గర రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, ఏసీ లేని మేడ మీది గది మధ్యాహ్నానికి 40కి చేరుతుంది. ఆ 12 డిగ్రీలూ కలిపితే 52. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీళ్ళను గది గాలి కంటే చల్లగా చేయలేదు. ఈ కూలర్లు తయారుచేసే కంపెనీల్లో చాలావాటి మాట ప్రకారం ద్రవం 60 దాటకూడదు. 52కీ 60కీ మధ్య మిగిలింది 8 డిగ్రీలే. రేకుల మీద పేరుకున్న పొర ఒక్కటి చాలు, ఆ 8 డిగ్రీలూ హరించుకుపోవడానికి. ఆ పైన ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. పొగా మంటా ఏమీ కనిపించవు. రెండు గంటల్లో అయ్యే రెండరింగ్ మూడు గంటలు పడుతుంది, కారణం ఎక్కడుందో తెలియదు.

ఇక దుమ్ము సంగతి. దసరా దాటాక మన చుట్టుపక్కల పత్తి తీతలు మొదలవుతాయి. ట్రాక్టర్ల మీద బోరేలు జిన్నింగ్ మిల్లులకు వెళుతుంటే దారి పొడవునా తుమ్మచెట్లకు తెల్లటి నూగు పట్టుకుని ఉంటుంది. సంక్రాంతి వెళ్ళాక మిర్చి. కల్లాల్లో ఆరబోతలు, తొడిమలు తీయడాలు, గుంటూరు యార్డుకి టిక్కీల లారీలు, ఊళ్ళో కారం మిల్లులు. వీటికి తోడు హైవే దుమ్ము ఎటూ ఉంది. కిటికీ తీస్తే ఇదంతా గదిలోకి వస్తుంది, ఫ్యాన్ తిరిగితే కంప్యూటర్‌లోకి వస్తుంది.

మామూలు మట్టి దుమ్ము కొంత రేకుల సందుల్లోంచి దూరి అవతలకి పోతుంది. పత్తి నూగు అలా పోదు. చాలా రేడియేటర్లలో అంగుళానికి 20కి అటూ ఇటూ రేకులుంటాయి. అంటే రేకుకీ రేకుకీ మధ్య సందు మిల్లీమీటరు పైచిలుకు. మన పత్తి పింజ పొడవేమో 28, 30 మిల్లీమీటర్లు. గాలిలో తేలే నూగు అంత పొడవు లేకపోయినా, రెండు మూడు రేకుల మీద అడ్డంగా పడుకోవడానికి సరిపడా ఉంటుంది. ఒక పోగు అడ్డం పడిందా, దాని మీద ఇంకోటి. ఆ అల్లికలో సన్నదుమ్ము చిక్కుకుంటుంది. ఒక పత్తి సీజన్ గడిచేసరికి అది చేత్తో ఊడదీయగలిగినంత మందాన పొర కడుతుంది.

దీనికి విరుగుడు మన రైతుల కళ్ళెదుటే ఉంది. ట్రాక్టర్ బానెట్ ఎత్తి చూడండి. అన్నిటికంటే ముందు జాలీ, దాని వెనక రేడియేటర్, రేడియేటర్ వెనక ఫ్యాన్. ఫ్యాన్ ముందు నుంచి గాలిని లాక్కుంటుంది. పొట్టూ, నూగూ, ఆకుపొడీ వచ్చి జాలీ మీద, రేడియేటర్ ముందు మొహం మీద కూర్చుంటాయి. ఇంజను వేడెక్కిందనిపిస్తే డ్రైవర్ ఆపి, దిగి, ఆ మొహం తుడిచేసి మళ్ళీ ఎక్కుతాడు. ఫ్యాన్ విప్పే పనే లేదు. కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఈ వరసే పెట్టండి అంటాను నేను. ముందు జాలీ, తర్వాత రేడియేటర్, ఆ తర్వాత ఫ్యాన్.

కంప్యూటర్‌కి రేడియేటర్ వచ్చిందే వాహనాల నుంచి. పెద్ద కంప్యూటర్లను నీళ్ళతో చల్లబరచడం అంతకుముందే ఉంది. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 అలాంటిదే. ఇళ్ళలోకి మాత్రం అది 1990ల చివర్లో దొడ్డిదారిన వచ్చింది. అమెరికాలో, యూరప్‌లో ఔత్సాహికులు పాత కార్ల హీటర్ల నుంచి చిన్న రేడియేటర్లు ఊడదీసి, వాటికి గాలి దారి కోసం చేత్తో చేసిన తొట్లు తగిలించి, ఆ తొట్లకు ఫ్యాన్లు బిగించేవారు. 2004లో యాపిల్ తన పవర్ మ్యాక్ జీ5లో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టింది. 2000లో డెన్మార్క్‌లో పుట్టిన ఏసెటెక్ లాంటి కంపెనీలు పంపూ, గొట్టాలూ, రేడియేటర్ అన్నీ ముందే కలిపి మూసేసిన కూలర్లను తెచ్చాక, ఇది మన గుంటూరు దుకాణాల దాకా వచ్చింది.

ఫ్యాన్ రేడియేటర్ వెనకుండి గాలిని లాగితే దాన్ని పుల్ అంటారు. ముందుండి తోస్తే పుష్ అంటారు. దుకాణాల్లో ఎక్కువగా పుష్ పద్ధతిలోనే బిగించి ఇస్తారు. చల్లబరచడంలో రెంటికీ మధ్య తేడా సాధారణంగా ఒకటి రెండు డిగ్రీలు మించదు. అందుకే విదేశీ సమీక్షల్లో ఈ విషయం ఒక వాక్యంతో దాటిపోతుంది. వాళ్ళకు అది న్యాయమే. మనకు న్యాయం కాదు, ఎందుకంటే మనకు తేడా మొదటిరోజు తెలియదు, ఆరో నెలలో తెలుస్తుంది.

పుష్ పద్ధతిలో నూగు ఎక్కడ చేరుతుందో ఊహించండి. ఫ్యాన్ రెక్కల మధ్య నుంచి దూసుకొచ్చి రేకుల మొహాన తగిలి అక్కడే ఆగిపోతుంది. అంటే ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య, కంటికి కనిపించని సందులో. బయట జాలీ కడుగుతాం, ఫ్యాన్ రెక్కలు తుడుస్తాం, అంతా శుభ్రంగా ఉందనుకుంటాం. మూడు ఫ్యాన్లకు 12 స్క్రూలు విప్పితే తప్ప లోపలి పొర బయటపడదు. ఆ 12 స్క్రూలు పనిగట్టుకుని ఎవరు విప్పుతారు?

ఒకసారి విప్పి చూస్తే మాత్రం చాలా విషయాలు తెలుస్తాయి. రెక్కలు తిరిగిన మేరకు గుండ్రంగా, ఉంగరంలా, బూడిదరంగు పొర ఉంటుంది. సరిగ్గా మధ్యలో, మోటారుకి ఎదురుగా, సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పున రేకులు కొత్తవాటిలా మెరుస్తుంటాయి. చుట్టూ ఇంత దుమ్ముంటే అక్కడ ఎందుకు లేదు? అక్కడికి గాలి చేరలేదు కాబట్టి. ఫ్యాన్ మధ్యభాగంలో రెక్కలుండవు. ఫ్యాన్ రేడియేటర్‌ని అంటుకుని ఉన్నప్పుడు ఆ మధ్యభాగం ఎదుట ఉన్న రేకులు పనిలేకుండా పడి ఉంటాయి. నాలుగు మూలల్లోనూ కొంత ఇదే కథ.

దీనికీ విరుగుడు ట్రాక్టర్‌లోనే ఉంది, అక్కడ ఫ్యాన్ చుట్టూ ఒక తొట్టి ఉంటుంది. రేడియేటర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య ఆ తొట్టి కొంత ఖాళీ ఇచ్చి, రేడియేటర్ మొత్తం మీద నుంచి గాలి వచ్చేలా చేస్తుంది. కంప్యూటర్‌లోనూ దీన్ని చేసుకోవచ్చు. పాడైపోయిన పాత ఫ్యాన్ ఒకటి తీసుకుని, మోటారునూ రెక్కలనూ కోసేసి, ఉత్త ఫ్రేము మిగల్చండి. రేడియేటర్‌కీ కొత్త ఫ్యాన్‌కీ మధ్య ఆ ఫ్రేము పెట్టి బిగిస్తే 25 మిల్లీమీటర్ల ఖాళీ దొరుకుతుంది. క్యాబినెట్‌లో చోటుంటేనే సుమా. చోటు లేకపోతే కనీసం ఫ్యాన్ అంచుకీ రేడియేటర్‌కీ మధ్య పల్చటి రబ్బరు పట్టీ అయినా వేయండి. ఆ అంచు దగ్గర సందుంటే గాలి రేకుల గుండా రాకుండా పక్క నుంచి తేలిగ్గా వచ్చేస్తుంది. అక్కడ సందు ఉందో లేదో తెలియాలంటే ఫ్యాన్ నడుస్తుండగా ఒక అగరుబత్తి వెలిగించి ఆ అంచు వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ పక్కకి లాగేసుకుందంటే అక్కడ సందున్నట్టే.

ఫ్యాన్ ఎంచుకునేటప్పుడు పెట్టె మీది అంకెలు చూసి మోసపోవద్దు. నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని రాసేది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి లెక్క. దాని పక్కనే పీడనం అని, నీటి మట్టం మిల్లీమీటర్లలో ఇంకో అంకె ఉంటుంది. అది గాలి పూర్తిగా ఆగిపోయినప్పటి లెక్క. రేడియేటర్ మీద ఫ్యాన్ నడిచేది ఈ రెంటి మధ్య ఎక్కడో. రెండు ఫ్యాన్ల మధ్య తేల్చుకోలేకపోతే, రేడియేటర్ కోసం పీడనం ఎక్కువున్నదే తీసుకోండి. రెక్క చివరకీ ఫ్రేముకీ మధ్య సందు ఎంత తక్కువుంటే పీడనం అంత బాగా నిలుస్తుంది. ఆస్ట్రియాకి చెందిన నాక్టువా 2018లో తెచ్చిన 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌లో ఆ సందు అర మిల్లీమీటరే. వేడికి సాగిపోని ప్రత్యేకమైన ప్లాస్టిక్ వాడితే గానీ అది కుదరలేదు. అంత ఖరీదు పెట్టమని అనను. కొనే ఫ్యాన్‌ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఆ సందు చూడండి, చాలు.

ఇంకో మాట. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగం అవుతుంది, పీడనం మాత్రం నాలుగో వంతుకి పడిపోతుంది. రాత్రిపూట చప్పుడు లేకుండా ఉండాలని మరీ నెమ్మదిగా తిప్పితే, నూగు పట్టిన రేకులను ఆ ఫ్యాన్ దాటలేదు. రెండు వైపులా ఫ్యాన్లు బిగించడం గురించి కూడా చాలామంది అడుగుతారు. మందపాటి రేడియేటర్‌కి, రేకులు దట్టంగా ఉన్నదానికి అది ఉపయోగమే. మనకు ఎక్కువగా దొరికే 27 మిల్లీమీటర్ల పల్చటి రేడియేటర్‌కి అదనంగా పెట్టే మూడు ఫ్యాన్ల డబ్బు దండగ. పైగా తుడవడానికి వీలైన మొహాన్ని మన చేతులతో మనమే మూసేసినట్టవుతుంది.

ఇప్పుడు స్క్రూలు. ఇక్కడ తొందరపడకండి. మామూలు ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు. దాని గుండా వెళ్ళి రేడియేటర్‌ని పట్టుకునే స్క్రూ 30 మిల్లీమీటర్లుంటుంది. అంటే ఫ్రేము దాటి అవతల కనిపించేది 5 మిల్లీమీటర్లు. రేడియేటర్‌ని నేరుగా క్యాబినెట్ రేకుకి బిగించే స్క్రూలు పొట్టివి, 5 లేదా 6 మిల్లీమీటర్లు. పుల్ పద్ధతిలో ఈ రెండు రకాలూ కావాలి, ముందు వైపు పొట్టివి, వెనక వైపు పొడుగువి. పొడుగు స్క్రూ పొరపాటున పొట్టి స్క్రూ చోట దిగిందంటే నేరుగా నీటి గొట్టంలోకి పోతుంది. కొన్ని రేడియేటర్లలో రంధ్రం వెనక చిన్న అడ్డుపలక ఉంటుంది, అన్నిటిలోనూ ఉండదు. అందుకని బిగించే ముందే స్క్రూని ఫ్యాన్‌లో దూర్చి, బయటికి ఎంత వచ్చిందో స్కేలు పెట్టి కొలవండి. మరలు కూడా ఒకటే రకం కావు. కొన్ని కంపెనీలవి ఎం3 కొలత, కొన్నిటివి అమెరికా కొలత. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. వేళ్ళతో రెండు చుట్లు తేలిగ్గా తిరిగితేనే అది దాని స్క్రూ. మొదటి చుట్టులోనే స్క్రూడ్రైవర్ కావాలనిపిస్తే ఆగిపోండి. నాలుగు మూలలూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకి వెళితే ఫ్రేము వంకర తిరిగి రెక్క రాసుకుంటుంది.

ఏ మొహం ఎటు పెట్టాలి? ఫ్యాన్ వెనక మోటారుని పట్టుకునే ఊచలుంటాయి కదా, గాలి ఆ ఊచల వైపు బయటికొస్తుంది. కొన్ని ఫ్రేముల అంచున రెండు బాణాలు కూడా ఉంటాయి, ఒకటి గాలి పోయే దిక్కు, ఇంకోటి రెక్క తిరిగే దిక్కు.

రేడియేటర్‌ని క్యాబినెట్‌లో ఎక్కడ పెట్టాలన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. ముందు వైపు పెట్టి బయటి గాలి లోపలికి లాగితే ప్రాసెసర్‌కి గది గాలి సూటిగా దొరుకుతుంది, గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం కాస్త వేడెక్కిన గాలి వెళుతుంది. పైన పెట్టి గాలిని బయటికి పంపితే దీనికి తిరగబడుతుంది. ప్రాసెసర్ మీదే భారం పడే పనికి ముందు వైపు, గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే పనికి పై వైపు నయం. పైన పెట్టినా ఫ్యాన్లు రేడియేటర్ మీద ఉండి, రేకుల మొహం కిందకి, క్యాబినెట్ లోపలికి కనిపించాలి. పక్క అద్దం తీస్తే చెయ్యి అందుతుంది. ముందు వైపు నిలువుగా పెట్టేటప్పుడు రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల్లో చేరే గాలిబుడగలు పైకి పోయి రేడియేటర్‌లో ఉండిపోవాలి, పంపులో చేరకూడదు. ఇంకా ఒకటి, జాలీ ఉన్న వైపు నుంచి లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి కంటే ఎక్కువుండాలి. తక్కువైతే క్యాబినెట్ ప్రతి సందులోంచీ నూగుని లాక్కుంటుంది.

వైర్ల సంగతి క్లుప్తంగా. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ సాకెట్ ఒక్కొక్కటి మామూలుగా 1 ఆంపియరు దాకా ఇస్తుంది. ఫ్యాన్ స్టిక్కర్ మీది ఆంపియర్లు కూడి చూసుకుని, ఒకే సాకెట్‌కి రెండు మూడు ఫ్యాన్లు కలిపే స్ప్లిటర్ వాడండి. ఫ్యాన్ వేగం ప్రాసెసర్ వేడిని బట్టి కాక, వీలుంటే ద్రవం వేడిని బట్టి మారేలా పెట్టండి. ప్రాసెసర్ వేడి క్షణంలో 20 డిగ్రీలు ఎగిరి పడుతుంది, ద్రవం వేడి నింపాదిగా మారుతుంది. అలా పెడితే ఫ్యాన్లు ఊరికే గోల చేయవు.

శుభ్రం చేయడానికి మన పంటల క్యాలెండరే సరిపోతుంది. పత్తి తీతలు అయిపోయాక, ఉగాదికి ముందు ఒకసారి. మిర్చి రద్దీ తగ్గాక, రోహిణి కార్తె రాకముందు ఇంకోసారి. జాలీ మాత్రం సీజన్లో వారానికోసారి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. రేకులకు నీళ్ళు తగలనివ్వద్దు. మెత్తటి పెయింట్ బ్రష్‌తో రేకుల వెంటే తుడవండి, వాటికి అడ్డంగా తుడిస్తే రేకులు వంగిపోతాయి. ఆ తర్వాత ఫ్యాన్ వైపు నుంచి బయటికి, అంటే గాలి మామూలుగా వచ్చే దిక్కుకి ఎదురుగా బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. బ్లోయర్ గాలికి అది మితిమీరిన వేగంతో తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. ఇది ఇంట్లో చేయవద్దు, వాకిట్లో చేయండి. కారం మిల్లు దగ్గర్లో ఉన్నవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. ఆ పొరలో మిరప పొడి ఉంటుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఇప్పటికే ముందు వైపు రేడియేటర్‌కి పుష్ పద్ధతిలో ఫ్యాన్లు బిగించిన కంప్యూటర్ ఇంట్లో ఉంటే దాన్ని మార్చుకోవడం కష్టమేమీ కాదు. గొట్టాలు విప్పక్కర్లేదు, పంపు కదపక్కర్లేదు. కరెంటు తీసేసి, రేడియేటర్‌ని క్యాబినెట్ నుంచి విడదీసి, ఫ్యాన్లను ముందు నుంచి వెనక్కి జరపండి. జరిపేటప్పుడు ఫ్యాన్ మొహం తిప్పవద్దు. ఇంతకుముందు ఊచలు క్యాబినెట్ లోపలి వైపు ఉంటే ఇప్పుడూ అటే ఉండాలి. తిప్పితే గాలి దిక్కు మారిపోయి, లోపలి వేడి గాలి రేకుల గుండా బయటికి వస్తుంది. పొట్టి స్క్రూలు మీ దగ్గర లేకపోతే రేడియేటర్‌తో వచ్చిన సంచీలో చూడండి, చాలా కంపెనీలు రెండు రకాలూ ఇస్తాయి. అన్నీ బిగించాక కంప్యూటర్ వేసి, ముందు జాలీ మీద పల్చటి టిష్యూ కాగితం పెట్టండి. అది జాలీకి అతుక్కుని నిలబడితే గాలి సరైన దిక్కున వెళుతున్నట్టే.